ఫోన్‌కు రాని పిలుపు

గచ్చిబౌలి కంపెనీ ఇంటర్వ్యూ పిలుపు కోసం వారంగా ఫోన్‌లో మెయిల్ చూసుకుంటూనే ఉన్నాను. ఈ సాయంత్రం హాస్టల్ నుంచి ఇబ్రహీంపట్నం చేరి ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుంటే, ఆ మెయిల్ మొన్ననే వచ్చి అందులో పడి ఉంది. ఇంటర్వ్యూ ఈ ఉదయమే అయిపోయింది. ఎప్పుడూ ఆన్‌లోనే ఉండే ఆ కంప్యూటర్‌లోని మెయిల్ సాఫ్ట్‌వేర్ వచ్చినవన్నీ తనలోకి దించుకుని సర్వర్‌లోంచి తుడిచేస్తోంది. ఇక ఫోన్‌కు ఏం మిగులుతుంది? సర్వర్‌లో కాపీ ఉంచమని దాని సెట్టింగ్స్‌లో ఒక్క టిక్ పెడితే సరిపోయేదట. కంపెనీకి ఫోన్ చేశాను. వేరే అమ్మాయిని తీసుకున్నారట.

"ఫోన్ల ఏం రాలేదంటివి గదనే?" అంది అమ్మ.

"కంప్యూటర్ల వచ్చిందమ్మా."

"రెండు నీయే గద బిడ్డా, ఒకదానికొకటి చెప్పుకోవా?"

జవాబు చెప్పబోతే ఏడుపొచ్చింది. మీరైతే అమ్మకు ఏం చెప్పేవారు?