పక్క సీటుకు వచ్చిన మెమో

మెమో తనకొస్తే ఎవడైనా ఏడుస్తాడు. పక్క సీటువాడికి వచ్చిందని కుళ్లి కుళ్లి ఏడ్చినవాణ్ణి కోవూరు మొత్తానికీ నేనొక్కణ్ణే!

ప్రభుత్వ ఉద్యోగి రాజకీయ పత్రికకు ఎడిటరుగా ఉండకూడదని రూలు. అందుకే మా పక్షపత్రిక మీద ఎడిటరుగా మా బామ్మర్ది పేరు ఉంటుంది. వాడికి సంతకం తప్ప రాత రాదు. సంపాదకీయాలన్నీ నావే. రెండేళ్లుగా గుట్టుగా సాగింది.

ఆ రాతలు మా ఆఫీసువాడివేనని ఎవరో ఉప్పందించినారు. పోయిన నెల మెమో వచ్చింది. నా పక్క సీటు మస్తాన్‌కి! "మన ఆఫీసులో ఇంత మంచి తెలుగు ఇంకెవరికొస్తుంది?" అని మా సారు తేల్చేసినాడంట.

నేను బతికిపోయాననుకోవాల కదా? అనుకున్నా, ఒక్క పూట. ఆ తర్వాత టీ కొట్టు కాడ మొదలైంది. "మస్తానన్నా, ఆ గుర్రపుడెక్క సంపాదకీయం ఉందే, ఉతికేసినావన్నా!" వాడేమో "నాది కాదబ్బయ్యా" అంటూనే సిగ్గుపడతాడు. నా రాతకి వాడి సిగ్గు! ఒళ్లు మండిపోయింది.

మర్నాడు సారు నన్ను పిలిచినాడు. "పక్క సీటే కదా, ఇది మస్తాన్ రాతేనా?"

"తెలీదు సార్" అంటే సరిపోయేది. ఈలోగా ఆయన చేతిలో పత్రిక తెరిచి పైకి చదివినాడు. "మన నాయకులు కాలవలో గుర్రపుడెక్క. నీళ్లు ఎటు పోతే అటే పోతారు." చదివి బల్ల చరిచినాడు. "ఏం రాసినాడయ్యా మస్తాన్!"

"దాని తర్వాత ఇంకో మాట ఉండాల సార్!" అనేశాను. "'నిలబడ్డారా, కాలవనే మూసేస్తారు' అని. అసలు దెబ్బ అదే. ప్రెస్సువాడు ఎగరగొట్టినాడు!"

సారు కళ్లజోడు తీసినాడు. "ప్రెస్సులో పోయిన మాట నీకెట్ట తెలుసయ్యా?"

సాయంత్రానికి మెమోలో పేరు మారింది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో! ప్రూఫులు దిద్దినానే గానీ నాకు రాత రాదని, రాయి కూడా కరిగేట్టు మూడు పేజీల సంజాయిషీ రాసిచ్చినాను. సారు చదివి, కళ్లు తుడుచుకున్నాడు. "ఈసారికి హెచ్చరికతో వదిలేస్తున్నా. ఇంక పత్రిక జోలికి పోబాక."

దండం పెట్టి తలుపు దాకా వచ్చినాను. వెనక నుంచి సారు గొంతు.

"ఏమయ్యా, ఈ సంజాయిషీ మస్తాన్ రాసిచ్చినాడు కదా?"

నిజం నాలుక చివరి దాకా వచ్చింది. ఉద్యోగం గుర్తొచ్చింది. "అవును సార్" అన్నాను.

ఇప్పుడు ఆఫీసులో ఎవరికి మెమో వచ్చినా సంజాయిషీకి మస్తాన్ దగ్గరికే పోతున్నారు. వాడు వాటిని సంచిలో వేసుకుని మా ఇంటికొస్తున్నాడు. నేను రాస్తున్నాను. పేరు మాత్రం వాడిదే. కాదందామంటే, అవునన్నది నేనే!