నోరు దాచుకున్న హీరో

మా అమ్మ ఎవరినైనా నమ్మేది పెదవులు చూసే. కోయంబత్తూరులోని నూలుమిల్లులో ఏళ్ళ తరబడి పనిచేసి చెవులు పోగొట్టుకుంది. ఆ యంత్రాల హోరులో ఆడవాళ్ళు పెదవుల కదలికతోనే కబుర్లు చెప్పుకునేవాళ్ళట. అందుకే తెలుగు నుంచి తమిళంలోకి డబ్బింగ్ చేసిన సినిమాలంటే ఆమెకు ప్రాణం. హాలంతా తమిళం వింటుంటే, ఆమె ఒక్కతే హీరో పెదవుల మీద తెలుగు చూసుకుంటుంది. మేం తరాలుగా తమిళనాట స్థిరపడ్డ తెలుగువాళ్ళం కాబట్టి ఆంధ్రావాళ్ళ తెలుగు ఆమెకు సగమే అందుతుంది, అది వేరే సంగతి.

ఆ రోజు ఆస్పత్రిలో డాక్టరు మాస్కు తీయకుండానే అన్నకూ నాకూ చెప్పాడు, అమ్మ కడుపులోని గడ్డ మంచిది కాదని. అమ్మ మా ముగ్గురినీ మార్చి మార్చి చూసింది.

"అమ్మ ముందర మాస్కు తియ్యబాకు, కనిపెట్టేస్తుంది," అన్నాడు అన్న.

బయటికొచ్చాక దుమ్మని సాకు పెట్టుకుని ఇద్దరమూ మాస్కులతోనే ఉన్నాం. గాంధీపురంలో సినిమా చూసి పోదామంది అమ్మే. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. ఆస్పత్రి నుంచి నేరుగా సినిమాకు పోయే మనిషి కాదు ఆమె.

సినిమాలో హీరో ముక్కూ నోరూ కప్పే ముసుగేసుకుని ఊరిని కాపాడుతుంటాడు. ఆ సంగతి కన్నతల్లికి కూడా చెప్పడు. హాలంతా ఈలలే. అమ్మ మాత్రం దొంగను చూసినట్టు చూస్తోంది.

ఇంటర్వెల్‌లో అన్న టీ కోసం బయటికి పోయాడు. లైట్లు వెలగగానే అమ్మ నావైపు తిరిగింది.

"మంచి చేసేవోడు మూతి ఎందుకు మూసుకోవాల? నాకు వాడిమీద నమ్మకం లేదు."

తల్లి ఏడుస్తుందని అన్నట్టు కళ్ళ కింద వేలితో గీసి చూపించాను.

"తల్లి కోసమా! ఆమె ఏడిస్తే చూసేదానికి వీడికి భయం. ముసుగు వీడి కోసమే."

నాకు ఒళ్ళు మండింది. హీరో మీదా, అన్న మీదా, అందరికంటే ఎక్కువ నా మీదా. మాస్కు లాగేశాను. గొంతు పైకి రాకుండా, మా ఇంటి తెలుగులో, పెదవులతో నిదానంగా చెప్పాను. గడ్డ చెడ్డదని. ఆపరేషన్ చేస్తే ఆశ ఉందని. ఆమె ఒప్పుకోవాలని.

నా నోటి మీదనుంచి చూపు తిప్పకుండా అంతా విన్నది. ఏడవలేదు.

"సరి, చేయించుకుంటాను," అంది.

అన్న టీ కప్పులు పట్టుకుని వరుసలోకి వస్తున్నాడు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నాకు తెలుసునని మీ అన్నతో చెప్పబాకు. పావం, వాడు తాళలేడు."

వాడు దగ్గరికి రాగానే కప్పు అందుకుని నవ్వింది.

"సినిమా బాగుందిరా," అంది.