యాడికి ఎత్తులో ఆగిన పికప్

యాడికి ఊరి దగ్గరి ఎత్తులో పికప్ డ్రైవర్ నోరు మూయించానని మావాళ్లు గొప్పగా చెబుతారు. మూయించిన మాట నిజమే, అందులో గొప్ప మాత్రం లేదు.

శెనక్కాయ మూటల బరువుకు బండి ఆగిపోతే, వెనక కూర్చున్నవాళ్లంతా అలవాటుగా దిగారు. ముందు సీటులో ఉన్న నేను కదల్లేదు.

"డెబ్బై హార్స్‌పవర్ అని ప్రకటనలు వేశారుగా, ఎక్కించు!"

"అది ఒట్టి ఇంజనుకు కట్టిన లెక్కక్కా. చక్రాల కాడికొచ్చేసరికి అంత యాడుంటాది? దిగు."

"అబద్ధం కంపెనీది, నడక నాదా?"

డ్రైవర్ ముందుకు తిరిగి గేరు మార్చాడు. దిగినవాళ్లలో ఒకామె కిటికీలోంచి తన గొర్రెపిల్లను నా ఒళ్లో పెట్టింది.

"దీన్నన్నా పట్టుకో అక్కా, నేను బండి నూకుతా."

బండి ఎత్తెక్కింది. ఆమె రొప్పుతూ వచ్చి, పిల్లను తీసుకుంటూ, "బరువైనాదా అక్కా?" అంది.

సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఆమె ఎగతాళి చేసిందా, నిజంగానే అడిగిందా?