పేరు చెప్పని ప్రార్థన

1961లో నేను గూడూరికి మూడు మైళ్ళ దూరంలో ఉన్న ఒక మిషన్ కుష్టు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసేదాన్ని. నాకప్పుడు ఇరవై ఏడేళ్ళు. ఉద్యోగంలో చేరి ఐదేళ్ళయింది. ఆ రోజుల్లో మా వైపు ఆ జబ్బు పేరు ఎవరూ పలికేవారు కాదు. పెద్దరోగం అనేవారు, అదీ గొంతు తగ్గించి. రోగులు మా దగ్గరికి రావడానికి జంకేవారు కాబట్టి మేమే వారానికొకసారి జీపులో ఊళ్ళ పొలిమేరలకు వెళ్ళి, నీడలో బల్ల వేసుకుని మాత్రలు పంచేవాళ్ళం. మా జీపు ఏ ఇంటి ముందు ఆగితే ఆ ఇంటి గడప ఇక ఎవరూ తొక్కరు. అందుకని ఊళ్ళోకి పోనిచ్చేవాళ్ళమే కాదు. రోగి సంగతి బయట ఎవరితోనూ అనకూడదన్నది మాకు శిక్షణలో మొదటి రోజున చెప్పిన మాట. అంత తెలిసిన నేను ఆ మాట తప్పాను. ఎలా తప్పానో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇందులో మనుషుల పేర్లు మార్చాను.

శనివారాలు నాకు మధ్యాహ్నంతో డ్యూటీ అయిపోయేది. సాయంత్రం అయిదింటికి మా చర్చి వెనక ఉన్న రేకుల గదిలో యువజన కూటం జరిగేది. పాస్టరయ్యగారు నన్ను దానికి పెద్దదిక్కుగా ఉండమన్నారు. ఇరవై మంది దాకా వచ్చేవాళ్ళు. అందులో ఆడపిల్లలు అయిదుగురే. చాపల మీద ఒక పక్క వాళ్ళు, ఒక పక్క మగపిల్లలు. హాజరు పిలిచినప్పుడు ‘వచ్చాను’ అనకూడదు, బైబిల్లోంచి ఒక వచనం అప్పజెప్పాలి. ముందువారం చెప్పిందే మళ్ళీ చెబితే అందరూ నవ్వేవాళ్ళు. ఆ తర్వాత పాటలు. పాటలయ్యాక వచనాల పోటీ. కార్యదర్శి సుందరం, ఎలిమెంటరీ స్కూలు మాస్టరు, వచనం నంబరు చెప్పగానే ఎవరు ముందు పేజీ తీస్తే వాళ్ళు లేచి చదవాలి. చివర్లో ప్రార్థన మనవులు. పరీక్షలున్నవాళ్ళు, ఇంట్లో జబ్బు చేసినవాళ్ళు, ఉద్యోగం రానివాళ్ళు తమ సంగతి చెప్పుకుంటే అందరం కళ్ళు మూసుకుని ప్రార్థించేవాళ్ళం. ముగింపు ప్రార్థన నాది. ఆఖరున ఒకే కూజాలో వచ్చిన టీని ఆరు గ్లాసుల్లో వంతులవారీగా తాగేవాళ్ళం.

హార్మోనియం వాయించేది సువార్త. పంతొమ్మిదేళ్ళ పిల్ల. తండ్రి రైల్వేలో గ్యాంగుమన్, తల్లి లేదు. ఏడో తరగతితో చదువు మాని మైకా షెడ్డులో పనికి పోయేది. మైకా అంటే అభ్రకం. గని నుంచి వచ్చిన దిమ్మలను చిన్న కత్తితో పొరలు పొరలుగా చీల్చి, రేకు దెబ్బతినకుండా విడదీయాలి. వేళ్ళలో నేర్పుంటేనే ఆ పని అబ్బుతుంది. అవే వేళ్ళతో ఆ పిల్ల పాస్టరమ్మగారి దగ్గర హార్మోనియం నేర్చుకుంది. సాయంత్రం నేరుగా షెడ్డు నుంచి వచ్చేది. రవిక మీదా కనుబొమల మీదా మైకా పొడి మెరుస్తూ ఉండేది. కొత్త పాట ఒకసారి వింటే రెండోసారికి వాయించేది.

ఆ ఏడు వానలు మొదలైన రోజుల్లో ఒక శనివారం ఆమె ఎడమ చేతి చిటికెన వేలికి గుడ్డ చుట్టుకుని వచ్చింది. కత్తితో తెగిందంది. కూటం అయ్యాక కట్టు మార్చుదామని గుడ్డ విప్పాను. ఎముక కనిపించేంత లోతుగా తెగింది. మందు రాస్తూ నొప్పి పెడుతోందా అని అడిగాను.

“లేదక్కా. తెగినప్పుడు గూడా తెలీలా. రేకు మీద నెత్తురు పడితే చూసుకున్నా,” అంది.

వెంటనే ఆమె మోచెయ్యి తడిమి చూశాను. మోచేతి లోపలి వైపు ఒక నరం ఉంటుంది, అల్నార్ నెర్వ్ అంటాం. మామూలుగా వేలితో వెతికితే గాని తెలియదు. ఆమెకది తాడులా లావెక్కి ఉంది. దానికి పైన, రవిక చేతి కింద, రూపాయి బిళ్ళంత తెల్లటి మచ్చ. దూది పోగుతో మచ్చ మీద రాస్తే ఆమెకు తెలియలేదు. రెండేళ్ళుగా వారం వారం ఆమె పక్కనే కూర్చుంటున్నాను. పొద్దస్తమానం రోగుల చేతులు చూడటమే నా పని. ఈ చేతులను మాత్రం పాట వింటూ చూశానే గాని నర్సుగా చూడలేదు.

ఏదో సాకు చెప్పి బుధవారం ఆసుపత్రికి రప్పించాను. డాక్టరుగారు చెవి తమ్మె నుంచి స్మియర్ తీశారు. అంటే చర్మం మీద చిన్న గాటు పెట్టి, ఆ రసాన్ని మైక్రోస్కోపు కింద చూడటం. క్రిములేవీ లేవు. ఈమెకు వచ్చిన రకం పక్కవాళ్ళకు అంటదు, వారానికి రెండుసార్లు డి.డి.ఎస్. మాత్ర వేసుకుంటూ చేతికి రోజూ నూనె మర్దన, కసరత్తు చేయిస్తే వేళ్ళు వంకర పోకుండా ఆపవచ్చు, షెడ్డు పనికీ చర్చికీ నిక్షేపంగా పోవచ్చు అన్నారు. ఆయన అంత ధైర్యంగా చెప్పడం తక్కువ. జబ్బు తొలిదశలో దొరికిందని నాకూ సంతోషంగానే ఉంది.

సువార్త ఏడవలేదు. జబ్బు పేరు కూడా అడగలేదు. ఎక్కడికొచ్చి కూర్చుందో ఆమెకు తెలుసు. బయటికొచ్చాక వరండాలో నా చెయ్యి పట్టుకుని ఒక్క మాటే అడిగింది.

“మా నాయనకు నేనే చెప్తా. ఇంకెవురికీ తెలియనియ్యబాకండక్కా.”

నా నోటి నుంచి రాదని మాటిచ్చాను.

తర్వాతి మూడు వారాలు ఆమె కూటానికి వచ్చింది, వాయించింది. చిటికెన వేలు ఇంకా కట్టుతోనే ఉంది. ఒకటి రెండు చోట్ల స్వరం తప్పినప్పుడు ఎవరికీ తెలియకుండా పక్క వేలితో సర్దుకునేది. నాలుగో శనివారం నేను చాలా అలసిపోయి వచ్చాను. ఆ ఉదయమే మా వార్డులో ఒక తల్లి కాలు తీసేయాల్సి వచ్చింది. పాటలు అవుతున్నంతసేపూ సువార్త చేతి మీదే నా కన్ను. ముగింపు ప్రార్థనకు లేచేసరికి నాలో ఉన్నదంతా పొంగుకొచ్చింది.

కళ్ళు మూసుకుని ప్రార్థించాను. మా మధ్యలోనే, ఈ గదిలోనే ఉన్న ఒక చెల్లెలి చేతిని ముట్టమని అడిగాను. ఆ చేతిలో చచ్చుబడుతున్న నరానికి ప్రాణం పొయ్యమన్నాను. లోకం అసహ్యించుకునే జబ్బు నుంచి ఆమెను తప్పించమన్నాను. పేరు చెప్పలేదు. పేరు చెప్పలేదు కాబట్టి మాట తప్పలేదనే అనుకున్నాను. చాలా మంది ఆమెన్ అన్నారు. ఎవరో ఏడ్చారు కూడా. అంత బాగా నేనెప్పుడూ ప్రార్థించలేదని నాకే అనిపించింది. సిగ్గుతో ఒప్పుకుంటున్నాను, ఆ క్షణంలో నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

కళ్ళు తెరిచాను. గదిలో ఆడపిల్లలు అయిదుగురు. చేతికి కట్టున్నది ఒక్కరికే. ప్రార్థించినది కుష్టు ఆసుపత్రి నర్సు. సువార్త హార్మోనియం తిత్తి మూస్తూ తల వంచుకుని ఉంది. ఆమె పక్కన కూర్చునే పిల్ల అప్పటికే చాప మీద జానెడు అవతలికి జరిగింది.

టీ వచ్చింది. సుందరం తనే లేచి, పాస్టరయ్యగారి ఇంట్లోంచి ఒక ఎనామిల్ కప్పు తెచ్చి, దానిలో పోసి, రెండు చేతులా పట్టుకుని సువార్తకిచ్చాడు. చాలా మర్యాదగా ఇచ్చాడు. ఆమె తాగి, కప్పు తనే కడిగి, గోడ పక్కన బోర్లించి వెళ్ళిపోయింది.

మరుసటి వారం ఆమె వచ్చేసరికి హార్మోనియం పెట్టెకు తాళం వేసి ఉంది. ఈ వారం చప్పట్లతో పాడుకుందామన్నాడు సుందరం. ఆ ఒక్క వారమూ ఆమె చాప చివర కూర్చుని చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత రాలేదు. కూటంలో ఒక పిల్ల తల్లి కూడా మైకా షెడ్డులోనే పనిచేసేది. పది రోజుల్లో అక్కడి మేస్త్రీ సువార్తను పిలిచి, చెయ్యి నయమయ్యాక కనపడమని చెప్పి పంపించేశాడు.

నేను చేసిన తప్పును సరిదిద్దబోయి ఇంకో తప్పు చేశాను. తర్వాతి శనివారం కూటంలో నిలబడి ఆ జబ్బు గురించి వివరంగా చెప్పాను. అన్ని రకాలూ అంటవని, మందుందని, గ్లాసుల వల్లా హార్మోనియం వల్లా రాదని చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు. అప్పటిదాకా అనుమానంలో ఉన్నవాళ్ళకు కూడా నా వివరణతో రూఢి అయిపోయింది. అయ్యాక సుందరాన్ని పక్కకు పిలిచి, మీరంతా కలిసి వెళ్ళి ఆ పిల్లను తీసుకురావాలని బతిమాలాను. అతను చెడ్డవాడు కాడు. నా మాట అతనికి నిజంగానే అర్థం కాలేదు.

“మేం ఎవురం ఏమీ అన్లేదే అక్కా. మీరు మొదలుపెట్టినారు, మేం ప్రతి వారం ఆ పిల్ల కోసం ప్రార్థన చేస్తానే ఉండాం,” అన్నాడు.

సువార్త ఆసుపత్రికి రావడం మానేసింది. ఇంటికి వెళితే తాళం ఉంది. తండ్రిని రైలు కట్ట మీద పట్టుకున్నాను. పలుగు కింద పెట్టకుండానే మాట్లాడాడు. కోట అనే ఊరికి అవతల, సముద్రం వైపు ఒక ఊళ్ళో ఉన్న తన చెల్లెలి ఇంట్లో దించి వచ్చానన్నాడు. అక్కడ ఎవరికీ తెలియదన్నాడు. ఇక మీరు అటు పోకుంటే మేలన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు.

పోకుండా ఉండలేకపోయాను. తెల్ల చీర కట్టుకుంటే నర్సునని తెలిసిపోతుందని రంగు చీర కట్టుకుని, మూడు నెలలకు సరిపడా మాత్రలు సంచిలో పెట్టుకుని కోట దాకా బస్సులో, అక్కడి నుంచి ఇసుకలో రెండు గంటలు నడిచి వెళ్ళాను. ఊరికి ఇవతలే, సరుగుడు తోపులో ఎండుపుల్లలు ఏరుతూ కనపడింది. నన్ను చూడగానే చుట్టూ చూసి, చెట్ల వెనక్కి తీసుకుపోయింది. అప్పటికే చిటికెన వేలూ ఉంగరం వేలూ కొంచెం ముడుచుకోవడం మొదలైంది. మాత్రలిచ్చాను. నూనె మర్దన ఎలా చేసుకోవాలో మళ్ళీ చూపించాను. నేను పేరు చెప్పలేదే అమ్మా అని ఏదో అనబోయాను.

ఆమె నన్ను ఆపింది. “నా పేరు చెప్పుంటే నేను లేచి, కాదని అయినా అందును. పేరు చెప్పకుండా అంతమందిలో నన్నొక్కదాన్నే చూపించినారు,” అంది. “దేవుడికి చెప్పాలంటే మీ ఇంట్లో చెప్పుకోకూడదా అక్కా?” అని అడిగింది.

మళ్ళీ రావద్దంది. వాళ్ళ మేనత్తకు కూడా జబ్బు సంగతి తెలియదట. మాత్రలు కొంగున కట్టుకుంది గాని, ఎవరికీ భయపడకుండా వాటిని వేసుకునే ఇల్లు ఆమెకు లేదని వెనక్కి నడుస్తున్నప్పుడు నాకు అర్థమైంది. అయినా మూడు నెలల తర్వాత మళ్ళీ వెళ్ళాను. అక్కడ లేదు. నాట్లకు పోయే కూలీ గుంపుతో దక్షిణానికి పోయిందని మేనత్త చెప్పింది. సూళ్ళూరుపేట వైపు మా శాఖ క్లినిక్కుల్లో అడిగించాను. ఎవరూ చూడలేదన్నారు.

1966లో ఒక సోమవారం ఓ.పి. వరుసలో కూర్చుని ఉంది. నేను గుర్తుపట్టలేదు. చీటీ మీద పేరు చూసి తలెత్తాను. వంట చేస్తూ కాలిన ఎడమ అరచెయ్యి పుండై, చీము పట్టి, ఎముకదాకా పోయింది. కాలినప్పుడు ఆమెకు తెలియలేదు. ఎడమ చేతి వేళ్ళు రెండూ పూర్తిగా లోపలికి మడుచుకుపోయాయి. కుడి చేతికీ మొదలైంది. ఎడమ చిటికెన వేలు సగం తీసేయక తప్పలేదు. రెండు నెలలు వార్డులో ఉంచుకుని పుండు మాన్పాం. మదరాసు నుంచి వచ్చే సర్జను కుడి చేతి వేళ్ళకు ఆపరేషన్ చేసి కొంత చాపగలిగాడు. పోయిన స్పర్శ మాత్రం ఏ ఆపరేషనుతోనూ తిరిగి రాదు. డ్రెస్సింగు రోజూ నేనే చేశాను. అడిగినదానికి జవాబు చెప్పేది, మందులు సరిగ్గా వేసుకునేది. వార్డులో ఆదివారం సాయంత్రం పాటలు పాడేవాళ్ళు. అప్పుడు లేచి బయట బావి దగ్గరికి వెళ్ళి కూర్చునేది.

డిశ్చార్జికి ముందురోజు, కట్టు కడుతూ, ఆ రోజు చేసినదానికి నన్ను క్షమించమని అడిగాను.

“క్షమించినా అంటే మీ బాధ తీరతాది,” అంది. “నాకు అనబుద్ధి కావడం ల్యా అక్కా. అబద్ధమెందుకు?”

మరునాడు మాత్రల సీసా, చేతులకు తొడుక్కునే గుడ్డ తొడుగులు ఇచ్చి బస్సెక్కించాను. ఆ తర్వాత రెండేళ్ళు మాత్రల కోసం క్రమం తప్పకుండా వచ్చింది, నేను డ్యూటీలో లేని రోజులు చూసుకుని. ఆమె వచ్చి వెళ్ళిందని కార్డు మీద తేదీ చూసి తెలుసుకునేదాన్ని. జబ్బు అక్కడితో ఆగిందని డాక్టరుగారు రాశారు.

నేను యువజన కూటానికి వెళ్ళడం మానలేదు. ముగింపు ప్రార్థన మాత్రం వేరేవాళ్ళకు అప్పగించాను. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళపాటు మా ఆసుపత్రికి శిక్షణకు వచ్చిన ప్రతి నర్సుకూ ఈ కథ చెప్పాను. రోగి రహస్యాన్ని పగవాళ్ళు బయటపెట్టడం నేను పెద్దగా చూడలేదు. ప్రేమ ఉన్నవాళ్ళే, జాలి ఉన్నవాళ్ళే, పేరు దాచామన్న ధైర్యంతో బయటపెడతారు. మన మనసులోని బరువు దించుకోవడానికి రోగి బతుకును వాడుకోకూడదు. అది నేర్చుకోవడానికి నాకు పట్టింది ఒక శనివారం. దాని ఖరీదు మాత్రం నేను కట్టలేదు, సువార్త కట్టింది.