ఎత్తి కొట్టని డిఫెండర్

ఆదోనిలో నేను పనిచేసే పత్తి జిన్నింగ్ మిల్లులో ప్రతి యంత్రానికీ నా నోట్‌బుక్కులో ఒక పేజీ ఉంటుంది. గ్రీజు ఎప్పుడు పెట్టాం, ఏ బేరింగు మార్చాం, ఏ బెల్టు వదులైంది, అన్నీ రాసి ఉంటాయి. ఆ పుస్తకంలో చివరి పేజీ మాత్రం ఒక బ్రెజిల్ ఫుట్‌బాల్ డిఫెండర్‌ది.

అతను పెద్ద పేరున్నవాడు కాదు. సొంత దేశపు జట్టు అతన్ని ఒక్కసారీ పిలవలేదు. పోర్చుగల్‌లో ఆడాడు, అక్కడి నుంచి బెల్జియం వెళ్లాడు, తర్వాత టర్కీ. ప్రతి క్లబ్బు పేరు పక్కన ‘వదిలిన కారణం’ అని ఒక గడి గీశాను. మొదటి రెండు గడుల్లోనూ ఒకటే రాశాను: బంతిని ఎత్తి కొట్టడు.

బంతి తమ గోలు ముందుకు వచ్చినప్పుడు డిఫెండర్ దాన్ని ఎత్తుగా, దూరంగా తన్నేయాలని అందరూ చెబుతారు. అప్పటికి ఆపద తప్పుతుంది. ఇతను అలా చేయడు. బంతి మీద కాలు పెట్టి, తల ఎత్తి చూసి, నేల మీదనే తనవాడికి దొర్లిస్తాడు. చాలాసార్లు బాగానే జరుగుతుంది. ఎప్పుడో ఒకసారి ఎదుటివాడికి చిక్కి గోలవుతుంది. జనం ఆ ఒక్కసారినే గుర్తుపెట్టుకుంటారు.

నేను అతన్ని మొదట చూసింది మిల్లులో భోజనం వేళ, ఫోనులో. టర్కీలో మ్యాచ్. సొంత ప్రేక్షకులే ఈలలు వేస్తున్నారు. మన సినిమా హాల్లో వేసే ఈలలు కావవి, దిగిపొమ్మనే ఈలలు. మరుసటి నిమిషంలో బంతి మళ్లీ అతని దగ్గరికే వచ్చింది. మళ్లీ అలాగే ఆడాడు. ఆ రెండోసారి చూసి అతనికి ఒక పేజీ ఇచ్చాను.

నాదీ అదే ఆట. కాకపోతే నేను నేర్చుకున్నది బ్రెజిల్ నుంచి కాదు.

మాది ఎమ్మిగనూరులో మగ్గాల వీధి. నా చిన్నప్పుడు పొద్దున్నే వీధి పొడవునా పడుగు చాచేవారు. చీరకు నిలువుగా నడిచే వందల పోగులను కర్రల మీద నడుమెత్తున లాగి కట్టి, గంజి పెట్టి, కుంచెతో దువ్వి, ఎండలో ఆరనిచ్చేవారు. తడి పోగుల మీద బంతి పడిందంటే కొన్ని తెగుతాయి, కొన్ని అతుక్కుపోతాయి. తెగిన కొసలు వెతికి ముడివేయడానికి ఒక పూట పడుతుంది. మాకు ఆడుకోవడానికి వేరే స్థలం లేదు. అందుకని మా ఆటకు మూడు నియమాలు ఏర్పడ్డాయి. బంతి మోకాలి ఎత్తు దాటకూడదు. పడుగు వైపు పోయే బంతిని ఏ జట్టువాడైనా ఆపాల్సిందే. ఆపినవాడు కాలితో తొక్కిపట్టి పక్కవాడికి దొర్లించాలి. ఈ నియమాలను అమలు చేసేది మా అవ్వ. కుంచె చేతిలో పట్టుకునే అరిచేది: "బంతి లేపినావంటే కాళ్లిరగ్గొడ్తా సూడు!"

అలా మా వీధిలో అందరం డిఫెండర్లమే అయ్యాం. గోలు కొట్టేవాడు ఒక్కడూ తయారు కాలేదు.

పాలిటెక్నిక్‌లో డిప్లొమా అయ్యాక మిల్లులో ఉద్యోగం వచ్చింది. ఆదోనిలో ఆదివారాలు ఆడే ఒక జట్టులో చేరాను. జట్టును నడిపేది రిటైరైన డ్రిల్లు మాస్టరు, మా అందరికీ ఆయన సార్. గోల్‌కీపర్‌ది పత్తి వ్యాపారుల ఇల్లు. ఎమ్మిగనూరు నుంచి వచ్చానని నన్ను ఫారిన్ ప్లేయరని పిలిచేవాడు.

"ఏమప్పా ఫారిన్ ప్లేయరూ, మీ ఊర్లో బంతికి గాలి కొట్టరా? నేల ఇడిసి లేయనే లేయదే!"

"గాలి కొడ్తామన్నా. గాల్లోకే కొట్టము."

టోర్నమెంటు సెమీఫైనల్లో నేను దొర్లించిన బంతి ఎదుటివాడి కాలికి చిక్కింది. గోలైంది. మావాళ్లు ఇంకో రెండు కొట్టబట్టి గెలిచాం. ఆట అయ్యాక సార్ నన్ను పక్కకు పిలిచాడు.

"సూడప్పా, ఈడ పడుగులు లేవు. ఫైనల్లో మన గోలు ముందరికి బంతి వస్తే ఎత్తి కొట్టు. తొక్కిపట్టినావంటే ఆ పొద్దుతో నీకు టీములో సోటు లేదు."

నేను కాగితం తీశాను. అప్పటివరకు ఆడిన మ్యాచుల్లో మావాళ్లు ఎత్తి కొట్టిన బంతులన్నిటికీ అందులో గీతలు గీసి పెట్టుకున్నాను.

"సార్, ఎత్తి కొట్టినవాట్లో సగానికి పైన ఎదుటోళ్లకే దొరికినాయి. మళ్లీ మన మీదికే తెచ్చినారు."

"నాకు లెక్కలు సెప్పొద్దు. నువ్వు బంతి తొక్కి నిలబడితే ఈడ నా గుండె నిలబడిపోతాది."

ఆ వారమంతా సాయంత్రం డ్యూటీ దిగగానే మిల్లు వెనక ఎత్తి కొట్టడం అభ్యాసం చేశాను. కాలి ఏ భాగం తగలాలి, ఒళ్లు ఎంత వెనక్కు వంచాలి, అన్నీ బొమ్మ గీసుకున్నాను. శనివారానికి పదిలో ఎనిమిది బాగానే ఎగిరాయి. ఎత్తి కొట్టడం రాక కొట్టలేదని రేపు ఎవరూ అనకూడదు. నాకు కావాల్సింది అంతే.

ఫైనల్లో మేము ఒక గోలు ముందున్నాం. ఆట ముగియడానికి కొద్ది నిమిషాలు ఉన్నాయనగా బంతి నా దగ్గరికి వచ్చింది. వెనక మా గోలు, ఎదురుగా ఉరికి వస్తున్న ఇద్దరు ఫార్వర్డ్‌లు. గీత బయటి నుంచి సార్ అరుపు: "ఎత్తూ!" వెనక నుంచి గోల్‌కీపర్: "కొట్టప్పా, కొట్టు! యాడ సూస్తాండావ్?"

బంతి మీద కాలు పెట్టాను. ఆ క్షణంలో బ్రెజిల్ గుర్తుకు రాలేదు. వీపు వెనక తడి పడుగు ఉన్నట్టే అనిపించింది. ఇద్దరి మధ్య నుంచి మా హాఫ్‌బ్యాక్‌కు దొర్లించాను. అతను తీసుకుని ముందుకు వెళ్లాడు.

అక్కడితో ఆపి ఉంటే అలవాటు కొద్దీ జరిగిందని చెప్పుకునే వీలుండేది. కానీ కాసేపటికే బంతి మళ్లీ నా దగ్గరికే వచ్చింది. ఈసారి ఆలోచించుకునే సమయం ఉంది. కాలు వెనక్కి తీసి ఎత్తి కొట్టే సత్తువా ఉంది. రెండూ ఉండగానే బంతిని తొక్కిపట్టి దొర్లించాను. తర్వాత విజిల్ పడింది. గెలిచాం.

సార్ వరసగా అందరికీ షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. నా దగ్గరికి వచ్చి నాకూ ఇచ్చాడు.

"బాగా ఆడినావు. వచ్చే ఆదివారం నుంచి రావద్దు."

"గెల్సినాము కదా సార్?"

"టీము గెల్సింది. నా మాట గెలవలేదు."

బూట్లు సంచీలో వేసుకుని బయలుదేరాను. గోల్‌కీపర్ గేటు దాకా నా వెంట వచ్చాడు. "తప్పయిందను సాలు. ఆయప్ప మనసు వెన్న. ఒక్క మాటే కదప్పా!"

"తప్పు కాలేదు కదన్నా."

"నువ్వు మనిషివా, మగ్గం గుంజవా?" అని నవ్వి వెనక్కి పోయాడు.

ఆ సీజను అయ్యాక టర్కీ క్లబ్బు కూడా బ్రెజిల్ అతన్ని వదులుకుంది. మూడో గడి నింపాను. అతను సైప్రస్‌లో చేరాడని తెలిసి ఆ పేజీలో కొత్త వరస గీశాను. దాని కింద ఇంకో వరస గీసి నా పేరు రాసుకున్నాను. ఊరు: ఆదోని. వదిలిన కారణం గడిలో రాయాల్సింది ఏమిటో నాకు వెతుక్కునే పని లేకపోయింది.

ఇప్పుడు ఆదివారాలు బస్సెక్కి కర్ణాటక సరిహద్దు దగ్గరి కౌతాళం పోతున్నాను. అక్కడి జట్టులో సగం మంది ఆట మధ్యలో కన్నడంలోనే అరుస్తారు. నాకు మొదటి రోజు మూడే మాటలు వచ్చు: నోడు, బిడు, హిందె. చూడు, వదులు, వెనక. డిఫెండర్‌కు అవి చాలు. కొత్తవాళ్లకు నా సంగతి చెప్పాలా వద్దా అని బస్సులో ఆలోచించి, చెప్పకూడదని తేల్చుకున్నాను. చూసి వాళ్లే తేల్చుకుంటారు.

మొదటి మ్యాచ్‌లో ఇంకా చెమట పట్టకముందే బంతి మా గోలు ముందుకు, నా దగ్గరికి వచ్చింది. జట్టంతా ఒక్కసారిగా కన్నడం, తెలుగు కలిపి అరిచింది. అరుపుల్లో సగం మాటలే తెలిశాయి. చెబుతున్నది మాత్రం మొత్తం తెలిసింది.

బంతి మీద కాలు పెట్టాను.