ఈశ్వరక్క చెప్పిన గొళ్లెం

కల్లూరులో నేను పనిచేసే చిన్న ఫ్యాక్టరీ ఆఫీసులో నిన్న స్టోరు గది సర్దుతుంటే ఒక పాత కంప్యూటరు బయటపడింది. పనిచేస్తుందో లేదో చూద్దామని స్విచ్చి వేశాను. ఫ్యాను గురగురమంటూ తిరిగింది. వేడెక్కిన దుమ్ము వాసన గుప్పుమంది. పక్కనున్నవాళ్లు ముక్కు మూసుకున్నారు గానీ నాకు మాత్రం కడప గుర్తొచ్చింది. బస్టాండు వెనక సందులో నాలుగు కంప్యూటర్లతో ఒక ఆన్‌లైన్ సెంటరు ఉండేది. దాన్ని నడిపిన మనిషి, మూడేళ్లు నన్ను కాల్చుకు తిన్న ఈశ్వరక్క గుర్తొచ్చింది. ఆమె మీద నాకెంత ప్రేమో ఆమెకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు.

రాయచోటి దగ్గర పల్లెలో సేద్యం చేసే ఇంటి ఆడబిడ్డ ఈశ్వరమ్మ. నలభైకి దగ్గరపడ్డాక, తన పిల్లల వయసువాళ్ల పక్కన కూర్చుని కంప్యూటరు నేర్చుకుంది. హాల్ టికెట్లు, దరఖాస్తులు, సర్టిఫికెట్లు అంటూ పొద్దున్నుంచీ జనం వచ్చేవాళ్లు. డిగ్రీ అయిపోయి, నాకు తెలియనిది లేదన్న ధీమాతో నేనక్కడ చేరాను. మొదటి రోజే అక్క కేకేసింది. "భారతీ, మూడోదానికి గొళ్లెం పెట్టలేదు. పో, పెట్టు." మా సెంటరుకు ఉన్నవి రెండే తలుపులు. మూడోది ఏదా అని వెతికి, పక్కనున్న టైలరు అంగడి తలుపుకు బయట గొళ్లెం పెట్టి వచ్చాను. ఆయన లోపలే ఉన్నాడు. ఆయన తలుపు బాదుతుంటే విషయం అర్థమై, అక్క కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

"తలుపుకు కాదు పాపా, కంప్యూటరుకు!"

ఇంటర్నెట్ తెరవడానికి వాడే బ్రౌజరుకు వచ్చే అప్‌డేట్‌ను ఆమె గొళ్లెం అనేది. అప్‌డేట్ అడిగినప్పుడల్లా 'తర్వాత' అని నొక్కే అలవాటు నాది. "పాతదీ బాగానే పనిచేస్తోంది కదక్కా" అన్నాను.

"గొళ్లెం లేని తలుపు గూడా బాగానే మూసుకుంటాది. ఆ బ్రౌజరు చేసినోళ్లు యాడ గొళ్లెం ఊడిందో చూసి కొత్తది పంపిస్తాంటారు. పంపినారంటేనే, ఊడిన సంగతి దొంగలకు గూడా తెలిసిపోయినట్ల. మనం బిగించుకోకుంటే ఎట్ల?"

అప్పటినుంచి పొద్దున్నే అదే పని. బయట జనం గొణుగుతుంటే "రొంత సేపప్పా, అయిపోతాది" అని ఆమే సర్దిచెప్పేది. నేను ఎగ్గొట్టానని తెలిస్తే ఒక్క మాటా అనేది కాదు. నా బొరుగుల పొట్లం లాక్కుని, నా ఎదురుగా కూర్చుని మొత్తం తినేసేది. అంతకన్నా తిట్టినా బాగుండేది.

మూలనున్న నాలుగో కంప్యూటరుకు మాత్రం ఈ సేవలేవీ లేవు. ఒక ఆఫీసు వెబ్‌సైటు చాలా పాత బ్రౌజరులో తప్ప తెరుచుకునేది కాదు. ఆ పని మీద వచ్చే ముసలివాళ్లను తిప్పి పంపలేక అక్క దాన్ని అట్లాగే ఉంచింది. 'ఇందులో ఆ ఒక్క పనే. మెయిల్ వద్దు, పాస్‌వర్డ్ వద్దు' అని కాగితం రాసి అంటించింది. ఆ కాగితాన్ని రోజూ చూసేదాన్ని కాబట్టే అది నా కంటికి ఆనడం మానేసింది.

ఒకరోజు అక్క ఊళ్లో పెళ్లికి వెళ్లింది. అదే రోజు ఏవో దరఖాస్తులకు ఆఖరి గడువు కావడంతో సెంటరు కిటకిటలాడింది. రాయచోటి నుంచి షాహీన్ అనే అమ్మాయి వచ్చింది. కర్నూలులో నర్సింగ్ కాలేజీకి దరఖాస్తు పెట్టుకోవాలి, దానికి తన మెయిల్ తెరవాలి. మూడు కంప్యూటర్లూ ఖాళీ లేవు. "బస్సుకు టైమయితాంది మేడమ్" అంటూ ఆమె గడియారం వైపు చూస్తుంటే, మూలదాని దగ్గర కూర్చోబెట్టాను. పని చక్కగా అయిపోయింది. ఏమీ కాలేదు కదా అని ఆ తర్వాత అక్క లేనప్పుడల్లా ఇంకొందరిని కూడా అక్కడే కూర్చోబెట్టాను.

కొన్ని వారాల తర్వాత, పొద్దున సెంటరు తెరుస్తుండగానే షాహీన్ మళ్లీ వచ్చింది. "రెండు దినాల నుంచి మెయిల్ తెరుచుకోలేదు మేడమ్. పాస్‌వర్డు మర్చిపోయినట్లుండా. కాలేజీ పిలుపు దాంట్లోనే వస్తాది." అక్క తనకు తెలిసిన దారులన్నీ ప్రయత్నించింది. ఎవరో పాస్‌వర్డు మార్చేశారని తేలింది.

"ఆ పొద్దు యాడ కూర్చున్నావమ్మా?" అని అడిగింది అక్క. షాహీన్ మూలకు చెయ్యి చూపించింది. అక్క నా వైపు తిరిగింది.

"సర్వర్ సమస్య అయ్యుంటుందక్కా" అన్నాను. మా పనిలో ఏం జరిగినా అనేది అదే మాట.

అక్క లేచి వెళ్లి మూల కంప్యూటరు వైరు పీకేసింది. కాలేజీకి ఫోన్ చేస్తే పిలుపు మొన్ననే మెయిల్లో పంపామనీ, చేరడానికి ఆ సాయంత్రమే గడువనీ, ఫోన్లో ఏమీ చెప్పలేమనీ అన్నారు. అక్క షాహీన్ దరఖాస్తు ప్రతులు సంచిలో పెట్టుకుంది. ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి వీధి తలుపుకు అంటించింది. 'మా మూల కంప్యూటరులో మెయిల్ తెరిచినవాళ్లు వెంటనే పాస్‌వర్డ్ మార్చుకోండి. తప్పు మాదే. ఈశ్వరమ్మ.'

టైలరు చదివి నోరు వెళ్లబెట్టాడు. "ఇట్ల రాసుకుంటే ఇంకెవరొస్తారమ్మా నీ అంగడికి?"

"రాకుంటే మానె. తెలీకుండా పోగొట్టుకోగూడదు గదప్పా" అని, వచ్చినవాళ్ల పేర్లూ నంబర్లూ రాసే పుస్తకం నా చేతిలో పెట్టింది. "అందరికీ ఫోన్ చెయ్యి. సర్వరనొద్దు. మా తప్పు అను. ఆ పాతదాన్ని పెట్టుకునింది నేను, సగం తప్పు నాది. మిగతా సగం నువ్వే చెప్పుకో." షాహీన్‌ను వెంటబెట్టుకుని కర్నూలు బస్సెక్కింది.

రోజంతా ఫోన్లు చేశాను. కొందరు తిట్టారు, కొందరు ఏమీ అర్థంకాక సరేనన్నారు, ఒకాయన ఎందుకో నాకే ధైర్యం చెప్పాడు. సాయంత్రం నాలుగు దాటాక అక్క ఫోన్ చేసింది.

"అందరికీ చెప్పినావా?"

"చెప్పానక్కా. సీటు ఏమైంది?"

"అది తర్వాత. ఇంకొకరు మిగిలినారు."

"లేదక్కా, పుస్తకంలో ఉన్నవాళ్లందరికీ..."

"నా పక్కనే ఉండాది. ఇస్తాండా, చెప్పు."

సీటు పోయిందో ఉందో తెలియదు. "షాహీన్, నువ్వు పాస్‌వర్డు మర్చిపోలేదు. ఆ కంప్యూటర్లో మెయిల్ తెరవకూడదని నాకు తెలుసు. తెలిసే నిన్ను కూర్చోబెట్టాను. తప్పు నాది" అన్నాను.

అవతల బస్టాండు రొద మధ్య ఆమె మెల్లగా అంది. "ఒక్క పాస్‌వర్డు గుర్తుపెట్టుకోలేవా అని మా నాయన రెండు దినాల నుంచి తిడతాండాడక్కా. ఆయనకు గూడా చెప్తావా?"

"చెప్తాను."

"సీటు ఇచ్చినారక్కా" అని, అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

అక్క ముందే సీటు దక్కిందని చెప్పి ఉంటే నా క్షమాపణ ఎంత తేలికగా వచ్చేదో ఆ తర్వాత ఆలోచిస్తే తెలిసింది. అందుకే ఆమె చెప్పలేదు. ఈశ్వరక్క పోయి రెండేళ్లయింది. ఇప్పుడు ఆఫీసులో కంప్యూటర్లన్నీ నా చేతి కిందే ఉన్నాయి, పొరపాట్లు చేస్తూనే ఉన్నాను. చేసినప్పుడు, నష్టం ఎంతో తేలకముందే వెళ్లి చెప్పేస్తాను. ఆ సాయంత్రం షాహీన్ వాళ్ల నాయనకు చెప్పడానికి రాయచోటి బస్సెక్కినప్పుడు ఎంత భయపడ్డానో, ఇప్పటికీ ప్రతిసారీ అంతే భయపడతాను.