జగన్నాధంగారి విచారణ

విజయనగరంలో ఒక లా కాలేజీకి అసిస్టెంటు రిజిస్ట్రారుగా పనిచేసిన జగన్నాధంగారిని మంచివాడన్న మనిషిని నేను చూడలేదు. నిజాయితీపరుడని మాత్రం అందరూ అన్నారు. ఆ రెండూ ఒకటేనని ఆయన నమ్మకం. లంచం ముట్టలేదు, సిఫారసు వినలేదు, ఎవరి మీదా జాలిపడలేదు. ఆ మూడోది కూడా సుగుణమేననుకున్నాడు.

బొబ్బిలి దగ్గర పల్లెలో చోళ్ళు పండించుకు తినే కుటుంబం ఆయనది. గుమాస్తాగా చేరిన మనిషిని పైకి తెచ్చింది ఒక దొంగ. ఎవరో డబ్బున్న కుర్రాడి బదులు వేరేవాడు వచ్చి పరీక్ష రాస్తుంటే, ఫోటో చూసి పట్టేశాడు. పైవాళ్ళు మెచ్చుకుని ఈ కుర్చీ ఇచ్చారు. ఇక అప్పట్నుంచి ఆయన కంటికి హాలు టిక్కెట్టు కోసం వచ్చిన ప్రతివాడూ దొంగే. ఫోటోనూ మొహాన్నీ మార్చి మార్చి చూస్తుంటే ఏ పాపమూ ఎరగని కుర్రాళ్ళకి కూడా చెమటలు పట్టేవి. అది చూస్తే ఆయనకి కడుపు నిండేది.

1968 వేసవిలో, పరీక్షలకి రెండు రోజుల ముందు, ఆయన చేతికి సోములు చిక్కాడు. కళింగపట్నం కుర్రాడు. చేపల వేట మీద బతికే వాళ్ళ పేటలోంచి లా చదువుకి వచ్చిన మొదటివాడు. కాలేజీలో చేరినప్పుడు తీయించుకున్న ఫోటోలో నున్నటి మొహం. శివరాత్రి ముందు వాడికి మశూచి పోసింది. చావు తప్పింది గాని, మొహమంతా గుంటలు పడి ఎడమ కంట్లో పువ్వు వేసింది.

"ఈ ఫోటోలో ఉన్నది నువ్వు కాదు" అన్నాడు జగన్నాధం.

తోటివాళ్ళు వాడేనన్నారు. వాళ్ళ మాట చెల్లదన్నాడు. పాఠం చెప్పే లెక్చరరు కూడా వాడేనన్నాడు. "రాసి సంతకం పెడతారా? రేపు తప్పని తేలితే మీ ఉద్యోగం ఉండదు" అనేసరికి ఆ పెద్దమనిషికి ఎక్కడో పని గుర్తొచ్చింది.

"పరీక్ష రోజు ఉదయానికి నీ రక్తసంబంధీకుల్ని తీసుకురా. లేదంటే వేరేవాడి ఫోటో పెట్టి మోసానికి దిగావని రాస్తాను. మూడేళ్ళు ఏ పరీక్షకీ కూర్చోనివ్వరు."

సోములు తండ్రి ఎప్పుడో సముద్రంలో పోయాడు. రావలసింది తల్లి అసిరమ్మే. చేపల వాసన వస్తుందేమోనని రెండుసార్లు స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. జగన్నాధం ఆమెకి కుర్చీ చూపించాడు. ఆ గదిలో లెక్చరర్లే నిలబడి మాట్లాడేవారు. ఎన్నేళ్ళుగానో దాచిపెట్టుకున్న తన ఊరి యాసను కూడా ఆమె కోసం బయటికి తీశాడు.

"అమ్మా, ఈడు నీ కొడుకేనా?"

"నా కొడుకే బాబూ. సోములు."

"ఈడి మొకం ముందునుంచీ ఇలాగే ఉందా, మద్దిలో పాడయిందా?"

అసిరమ్మ ఉలిక్కిపడింది. అమ్మోరు వచ్చి వెళ్ళిన ఇల్లు. ఆ తల్లి చెయ్యి పెట్టిన మొహాన్ని పాడయిందని ఎలా అంటుంది? ఇంట్లో కూతురి పసిబిడ్డ ఉంది. కోపం వచ్చి అమ్మోరు మళ్ళీ గడప తొక్కితే?

"పాడవడమేటి బాబూ. ఎప్పుడూ ఇలాగే ఉన్నాడు. సల్లగా ఉన్నాడు."

"అమ్మా, అమ్మోరు పోసిందని సెప్పే" అన్నాడు సోములు.

"నోర్ముయ్‌రా. తల్లి వింటాది."

జగన్నాధానికి ఇది తెలియని సంగతి కాదు. ఆయన తమ్ముడు మశూచితోనే పోయాడు. శవాన్ని ఎత్తుతుంటే వాళ్ళమ్మ ఏడవకుండా, "అమ్మ సల్లగా తీసుకెల్లింది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. ఎదురుగా ఉన్న ఆడమనిషి ఎందుకు అబద్ధమాడుతోందో ఆ కాలేజీ మొత్తంలో ఆయనకి తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. "మీ ఇంటికి అమ్మోరొచ్చిందా?" అని అడిగి ఉంటే, ఆమె చేతులు జోడించి "వచ్చింది బాబూ" అనేది. అదడగలేదు. ముందడిగిన ప్రశ్ననే, "పాడయిందా" అన్న మాటను ఒత్తి మరీ, మళ్ళీ అడిగాడు. ఆమె ఇంకాస్త గట్టిగా అదే జవాబు చెప్పింది. ఇలాంటివాణ్ణి నిజాయితీపరుడనే వాళ్ళ నోళ్ళు పడిపోను.

మొహం మొదటినుంచీ ఇలాగే ఉందని తల్లే ఒప్పుకుందనీ, కాబట్టి నున్నటి మొహం ఉన్న ఫోటో మరొకడిదనీ రాశాడు. కింద అసిరమ్మ చేత వేలిముద్ర వేయించాడు. "నీ పనయిపోయిందమ్మా, ఎల్లిరా" అని మెత్తగా అన్నాడు. మూడేళ్ళ సంగతి సోములుకి ఇంగ్లీషులో చెప్పాడు.

రిటైరయ్యేదాకా కొత్త గుమాస్తాలకి ఈ విచారణ గురించి పాఠంలా చెప్పేవాడు. గది బయట జరిగింది మాత్రం చెప్పేవాడు కాదు. తలుపు తీసే ఉంది, వినపడకపోవడానికి వీల్లేదు.

వరండాలోకి వచ్చాక అసిరమ్మ కొడుకు వైపు తిరిగింది.

"బాగా సెప్పినానేటిరా?"



"బాగానే సెప్పినావమ్మా."

"తడబడిపోతానేమో అని బయపడ్డాను." వేలికంటిన సిరాను తలకి రాసుకుంది. "మరి ఇంకా ఇక్కడే నిలబడ్డావేటి? లోపలికెల్లు. అందరూ రాసేస్తన్నారు."